ప్రాజెక్టు ఎవ్వరిది?

గడచిన ప్రదర్శనము ముగిసిన మఱునాటి యుదయమున మా పాఠశాల హాలును ఊడ్చినవారికి మూడు గంపల థర్మాకోలు ముక్కలు దొరికినవి. అగ్నిపర్వతములు మూడు, సౌరకుటుంబములు నాలుగు, విరిగిన గాలిమర యొకటి అందుండెను. వానిని తెచ్చిన బాలురలో నొక్కడైనను తిరిగి తీసికొనిపోవుటకు రాలేదు. తాను చేసికొన్న గాలిపటము చెట్టుకొమ్మకు చిక్కినచో, మోకాళ్లు దోకుకొనిపోయినను లెక్కచేయక చెట్టెక్కు బాలుడు, పదిమంది మెచ్చిన నమూనాను చెత్తగంపపాలు చేసి యేల వెడలిపోయెను? ఈ ప్రశ్న మమ్ము చాలదినములు బాధించినది. దానికి మాకు తోచిన సమాధానమును ఈ వార్షిక సంచిక మూలమున తలిదండ్రులకును, విద్యార్థులకును, మా సహోపాధ్యాయులకును మనవి చేయ దలచితిమి.

మొదట మా తప్పిదమునే చెప్పుకొందుము. ఆనాడు ప్రథమ బహుమానము పొందినది యొక యగ్నిపర్వతము. ఎత్తు రెండడుగులు. రంగులు కన్నులపండువుగా నుండెను. భూమి పొరల పేర్లు అందముగా అచ్చువేయించిన చీటీలపై అంటింపబడెను. బాలుడు వంటసోడాపై నిమ్మరసము పోయగనే ఎఱ్ఱని నురుగు పొంగెను. చూచువారెల్లరు చప్పట్లు కొట్టిరి. మాలో నొకరు, "నిజమైన యగ్నిపర్వతములో గూడ సోడాయే యుండునా, అబ్బాయీ?" అని యడిగిరి. బాలుడు కిటికీ యొద్ద నిలిచియున్న తండ్రి మొగము చూచెను. తండ్రి అచ్చటినుండియే బదులు చెప్పెను. చెప్పినది సరియైనదే. అందఱమును నవ్వుకొని బహుమానము వ్రాసితిమి. బాలుని పేరనే వ్రాసితిమి.

అదే వరుసలో చివరి బల్లయొద్ద ఏడవ తరగతి బాలిక యొకతె నిలిచియుండెను. ఆమె ముందు నమూనా లేదు. ఒక నోటుపుస్తకమును, నీటితో నిండిన నాలుగు లీటరు సీసాలును మాత్రముండెను. "నీ నమూనా యేదమ్మా?" యని మేమడుగగా, ఆమె పెరటి గోడవైపు చేయి చూపెను. అచ్చట చేతులు కడుగుకొను కుళాయి చాలకాలముగా బొట్టుబొట్టుగా కారుచుండెను. ఆమె యాఱుదినములు, దినమునకొక గంట చొప్పున, దానిక్రింద గిన్నె పెట్టి, పడిన నీటిని మందుసీసా మూతతో కొలిచి వ్రాసికొన్నది. ఒకనాడు 170 మిల్లీలీటర్లు, ఒకనాడు 190. "మూడవనాడు ఎవరో కుళాయిని గట్టిగా బిగించిరి గనుక ఆనాటి లెక్కను చేర్చలేదు" అని పుస్తకములో వ్రాయబడియున్నది. మిగిలిన యైదుదినముల సగటు గంటకు 180 మిల్లీలీటర్లు. దానిని 24 చేత హెచ్చించిన దినమునకు 4,320 మిల్లీలీటర్లు, అనగా నాలుగు లీటర్లకు పైచిలుకు. ఆ సీసాల యర్థమదియే. మేము తల యూపి ముందునకు సాగితిమి. ఆమెకు ఏ బహుమానమును రాలేదు.

అయితే ఆ పుస్తకమును మాకంటె శ్రద్ధగా చదివినవాడొకడు కలడు. అతడు మా పాఠశాల అటెండరు. ఆ వారముననే బజారునుండి వాషరు తెచ్చి కుళాయికి వేసెను. బహుమానము పొందిన పర్వతము చెత్తగంపకు పోయినది. పొందని పుస్తకము కుళాయిని బాగుచేసినది. మా తీర్పు ఎంత తలక్రిందులైనదో మాకప్పుడు తెలిసినది.

ఇందు నష్టము ఒక బహుమానము మాత్రము కాదు. అగ్నిపర్వతపు బాలుడు ఆనాడు నేర్చుకొన్నదేమి? తనది కానిదానిని తనదని చెప్పవచ్చుననియు, చెప్పినచో పెద్దలు మెచ్చుకొందురనియు నేర్చుకొన్నాడు. బాలిక నేర్చుకొన్నదేమి? కష్టపడి నిజము కనుగొన్నను రంగులు లేనియెడల నెవ్వరును చూడరని నేర్చుకొన్నది. ఏ పాఠ్యపుస్తకమునందును లేని యీ రెండు పాఠములను, సంవత్సరమునకొక పర్యాయము, తలిదండ్రుల ఖర్చుతో మేమే చెప్పుచున్నాము. కావుననే ఈ విషయమున మౌనము వహింపరాదని మా యభిప్రాయము.

ప్రాజెక్టు పద్ధతి యనునది ఎట్లు పుట్టినదో కొంచెము జ్ఞాపకము చేసికొందము. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలయందు పనిచేసిన విలియం హెర్డ్ కిల్పాట్రిక్ 1918 లో ఆ పేరుతో నొక వ్యాసము ప్రకటించెను. పిల్లవాడు మనస్ఫూర్తిగా తనదని తలంచి, ఒక ప్రయోజనమును గోరి, పదిమంది నడుమ చేయు పనియే ప్రాజెక్టు అని దాని సారాంశము. పని యెంత పెద్దది, యెంత యందమైనది యను మాట అందు ముఖ్యము కాదు. ఉద్దేశము పిల్లవానిదా, కాదా యనునదే ముఖ్యము. మన దేశమున 1937 లో వార్ధాలో జరిగిన విద్యాసభయందు గాంధీమహాత్ముడు చేతిపనిని చదువునకు నడిబొడ్డున నిలుపవలెనని కోరినప్పుడును, 1993 లో జాతీయ బాలల శాస్త్ర మహాసభలు ప్రారంభమై తమ యూరి సమస్యలను తామే పరిశీలింపుడని పిల్లలను పిలిచినప్పుడును, అడుగున నున్న తలంపు చాలవఱకు నిదియే. దుకాణములో కొన్న నమూనాకు ఈ వంశములో చోటు లేదు.

ఇక విషయమును ఎన్నుకొనుట. చిక్కంతయు నిచ్చటనే మొదలగును. "ఏ విషయము తీసికొందువురా?" అని యడిగిన, పిల్లలు "నీరు", "కాలుష్యము", "అంతరిక్షము" అని చెప్పుదురు. ఇవి విషయముల పేర్లే గాని ప్రశ్నలు కావు. "నీరు" అను మాటతో ఐదునిమిషములలో ఏమి చేయగలము? పుస్తకములో నున్నదానిని చార్టుపైకి ఎక్కించుట తప్ప వేఱు దారి లేదు. "మా పెరటి కుళాయినుండి దినమునకెంత నీరు పోవుచున్నది?" అనుడు. వెంటనే చేతికి పని దొరకును.

బాలబాలికలారా, మీ విషయము మంచిదో కాదో తెలిసికొనుటకు మీరు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. దానియొద్దకు నడచి పోగలనా? దానిని లెక్కించుటకో, కొలుచుటకో, పెద్దలనడిగి వ్రాసికొనుటకో వీలున్నదా? మూడు వారములలో ముగింపగలనా? జవాబు నాకు ముందే తెలియునా? మొదటి మూడింటికి "ఔను" అనియు, నాలుగవదానికి "తెలియదు" అనియు వచ్చినచో ఆ విషయమును విడువకుడు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న ప్రాజెక్టు కాదు, కంఠపాఠము.

విషయము చిన్నదని సిగ్గుపడ పనిలేదు. ఇంగ్లండులో పుస్తకములకు అట్టలు కట్టువాని యొద్ద పనినేర్చుకొన్న బీదబాలుడు మైకేల్ ఫారడే. పెద్దవాడై లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో పిల్లలకొఱకు క్రిస్మసు ఉపన్యాసములిచ్చెను. ఆ వరుస 1825 లో ఆరంభమైనది. 1860 చివరను, 1861 మొదటను ఆయన ఇచ్చిన ఆఱు ఉపన్యాసములకును విషయమేమి? ఒక్క క్రొవ్వొత్తి! అది యెట్లు వెలుగుచున్నది, పొగ యేమి, మంటలో నీరు పుట్టుట యెట్లు, మన యూపిరికిని దానికిని పోలిక యేమి, అని ఆఱు సభలు నడిపెను. అంతటి శాస్త్రజ్ఞునకు క్రొవ్వొత్తి చాలినప్పుడు, ఏడవ తరగతి విద్యార్థికి సౌరకుటుంబమంతయు నేల?

మన యింటినుండియే ఒక యుదాహరణము చూపుదుము. చాల యిండ్లలో నేటికిని అటుకమీదనో, బియ్యపు డబ్బాలోనో పాత సోల యొకటి యుండును. రెండు సోలలు ఒక తవ్వయనియు, రెండు తవ్వలు ఒక మానికయనియు అమ్మమ్మలు చెప్పుదురు. మన ప్రభుత్వము 1956 లో తూనికలు కొలతల చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని తెచ్చిన పిమ్మట సోల క్రమముగా బజారును విడిచినది. వంటింటిని మాత్రము విడువలేదు. "మా వీధిలోని సోలలన్నియు సమానమేనా?" అని యొక విద్యార్థి అడుగుకొనెననుకొందము. ఆతడు చేయవలసినదేమి?

ఐదిండ్ల సోలలను అడిగి తెచ్చుకొనవలెను. ఒక్కొక్కదానిని అంచువఱకు నీటితో నింపి, ప్రయోగశాలలోని కొలజాడీలో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో వ్రాసికొనవలెను. ఒక్కసారి కొలిచినది నమ్మరాదు. మూడుమార్లు కొలిచి సగటు తీయవలెను. పిమ్మట అదే సోలతో బియ్యమును అంచుతో సమముగ నొకసారియు, పైకి రాశిగా నొకసారియు కొలిచి, రెంటికిని తూకములో నెంత తేడా వచ్చినదో చూడవలెను. ఆ సోలను ఎక్కడ కొన్నారు, ఎవ్వరి కాలమునుండి యింటనున్నది, కూలి గింజలు దానితోనే కొలిచెడివారా, కొలుచునప్పుడు రాశి పోసెడివారా, అంచు గొట్టెడివారా, అని పెద్దలనడిగి వ్రాయవలెను. ఇంతలో గణితము వచ్చినది, చరిత్ర వచ్చినది. తేడా యున్నచో దానివలన ఎవ్వరికి లాభము, ఎవ్వరికి నష్టము కలిగియుండునను ధర్మవిచారము గూడ వచ్చినది. ఖర్చు లేదు. ఫలితము ఏమగునో మేము చెప్పము, కొలిచినవాడే చెప్పవలెను.

ఇట్టివి వెదకిన కొల్లలుగా దొరకును. చెఱువునీటిలో నానవేసిన యిరువది పెసలలో ఎన్ని మొలకెత్తినవి, కుళాయినీటిలో ఎన్ని? మా యూరి బస్సు నెలలో ఎన్నిదినములు వేళకు వచ్చినది? రైతుబజారులో టమాటా ధరకును మా వీధి బండిపై ధరకును తేడా యెంత? వానకు మా తాతమ్మ వాడిన పేర్లెన్ని? తొలకరి, జల్లు, తుంపర, ముసురు, జడివాన, ఇంకను ఏవి? విజ్ఞానశాస్త్రమునకే గాదు, తెలుగునకును, సాంఘికశాస్త్రమునకును ప్రాజెక్టు కలదని యిందువలన తెలియును.

తలిదండ్రులారా, ఇప్పుడు మీతో నొకమాట. మీరు పిల్లలకు సాయము చేయరాదని మేమనుట లేదు. ఎట్టి సాయమనునదే ప్రశ్న. పక్షిశాస్త్రమున లోకప్రసిద్ధుడైన సలీం అలీ బాల్యమున ఆటతుపాకితో నొక పిచ్చుకను కొట్టెను. దాని మెడపై పసుపుపచ్చని మచ్చ యుండెను. ఇదేమి పిట్టయని మేనమామ నడుగగా, ఆయన యెఱుగక, బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు దొర ఆ పిట్ట పేరు చెప్పి ఊరకుండలేదు. సొరుగులు తెఱచి, అందు భద్రపఱచిన పక్షులను వరుసగా చూపి, చదువుకొనుటకు పుస్తకములిచ్చెను. దశాబ్దముల పిమ్మట సలీం అలీ 1985 లో ప్రకటించిన తన స్వీయచరిత్రకు ఆ పిచ్చుక పేరనే నామకరణము చేసెను. మేనమామ "నాకు తెలియదు" అనుటకు వెనుదీయలేదు. మిల్లర్డు తలుపు తెఱచెను, నడచినవాడు బాలుడు. పెద్దలు చేయదగిన సాయమునకు ఇంతకంటె మంచి మాదిరి మాకు తెలియదు.

కావున కత్తి, నిప్పు, విద్యుత్తు, నీటిగట్టు ఉన్నచోట మీరు ప్రక్కన నిలువుడు. పొరుగూరికి పోవలసిన తోడుపొండు. కార్యాలయములో నెవరినైన కలియవలెనన్న అనుమతి యడుగుడు. "తరువాత నేమి చేసెదవు? అట్లని నీకెట్లు తెలిసినది?" అని మాటిమాటికి ప్రశ్నింపుడు. అంతటితో నాగుడు. అక్షరము మీరు వ్రాయకుడు, అట్ట మీరు కత్తిరింపకుడు, పిల్లవానినడిగిన ప్రశ్నకు మీరు బదులు చెప్పకుడు. మీ యమ్మాయి గీసిన వంకరగీత మీరు గీసిన తిన్నని గీతకంటె మాకు విలువైనది.

ఇంటర్నెట్టును గూర్చియు, అడిగినంతనే వ్యాసము వ్రాసియిచ్చు కృత్రిమమేధ యంత్రములను గూర్చియు మమ్ము చాలమంది యడుగుచున్నారు. వానిని బొత్తిగా ముట్టవద్దనుట నిఘంటువును ముట్టవద్దనుట వంటిది. తెలియని మాటకు అర్థము చూచుకొనవచ్చును. ఇతరులు ఇట్టి ప్రశ్ననెట్లు పరిశీలించిరో తెలిసికొనవచ్చును. కాని మీ పెరటి కుళాయి యెంత కారుచున్నదో ఏ యంత్రమును చెప్పజాలదు. చిన్న ప్రశ్నకుగల బలమిదియే: దానికి జవాబు నకలు చేయుటకు ఎచ్చటను దొరకదు. పిల్లలు నకలు చేయుచున్నారని వాపోవుటకు ముందు, నకలు దొరకని ప్రశ్ననిచ్చితిమా యని ఉపాధ్యాయులమగు మేము విచారించుకొనవలెను.

ఇక పదిమంది యెదుట విషయమును వివరించుట. ఫారడే గూడ చక్కగ మాటలాడుటకై వక్తృత్వపాఠములు నేర్చినవాడే గాని పుట్టుకతో వక్త కాడు. మనవారికి ఐదునిమిషములే గడువు. అరనిమిషము ప్రశ్న చెప్పుడు. ఒక నిమిషము, ఆ ప్రశ్న మీకెట్లు పుట్టినదో చెప్పుడు. రెండు నిమిషములు మీరేమి చేసితిరో చూపుడు. చెప్పుటకు ముందు చూపుట మేలు. ఒక నిమిషము ఏమి తేలినదో చెప్పుడు. మిగిలిన యరనిమిషము, ఇంకను తెలియనిదేమో చెప్పుడు. చార్టుపై నలువది మాటలు మించకుండ, అక్షరము ఎత్తు అంగుళమునకు తగ్గకుండ వ్రాయుడు. వెనుక బెంచీవాడు చదువలేని చార్టు గోడకు సున్నమువంటిదే. కంఠస్థము చేయకుడు. కంఠస్థము చేసినవాడు ఒక మాట మఱచిన పదిమాటలు పోగొట్టుకొనును. ముందునాటి రాత్రి ఇంట అమ్మమ్మకో, తమ్మునికో చెప్పి చూడుడు. వారికి అర్థము కానిచోటనే మీకును సరిగా అర్థము కాలేదని తెలిసికొనుడు.

ఎవరైన మీరెఱుగని ప్రశ్న వేసిరా? భయపడకుడు. "అది నేను కొలువలేదండీ, ఇట్లు కొలిచిన తెలియును" అనుడు. అట్టి బదులునకు మేము పూర్తి మార్కులిచ్చెదము. మూడవనాటి లెక్కను చేర్చలేదని వ్రాసిన ఆ బాలికవలె, పోయిన లెక్కను పోయినదనియే వ్రాయుడు. అంకెలను దిద్ది యందముచేయుట శాస్త్రములో దొంగతనము.

మా మాటలకు కొన్ని యాక్షేపణలు రాగలవు. "ఇతర పాఠశాలలవారు పెద్ద నమూనాలతో వచ్చినప్పుడు మా పిల్లలు నోటుపుస్తకములతో పోయి ఓడిపోవలెనా?" అని తలిదండ్రులడుగుదురు. ఓడిపోవుదురేమో, కొన్నిమార్లు తప్పక ఓడుదురు. తీర్పరులు మావంటివారే గదా! కాని డబ్బుగల యింటి నమూనాయు, లేని యింటి నమూనాయు ఒకే బల్లపై నిలుచు పందెము ఇప్పుడైనను న్యాయమైనదా? ప్రశ్నకు వెల లేదు. గిన్నె, గడియారము, పుస్తకము అందఱి యింటను కలవు. "చిన్నపిల్లలు, వారికేమి తోచును?" అని మఱికొందఱందురు. దినమునకు నూఱు ప్రశ్నలడిగి మనలను విసిగించువారు వారే. ప్రదర్శనము రాగానే వారికేమియు తోచదనుట వింత. పనులతో తీరికలేని ఉపాధ్యాయులు, నలువదిమంది పిల్లల నలువది ప్రశ్నలను ఎట్లు కనిపెట్టగలమందురు. ఇది నిజమైన కష్టమే. నలుగురిని ఒక జట్టు చేసి, వారమున కొకసారి జట్టునకు పదినిమిషములు కేటాయించిన కొంత తీరునని మా యాశ.

కావున రాబోవు ప్రదర్శనమునకు మేమొక యేర్పాటును ప్రతిపాదించుచున్నాము. మొత్తము 50 మార్కులు. తేదీలతో వ్రాసిన నోటుపుస్తకమునకు 20, ప్రశ్నకు 10, వివరించిన తీరునకు 10, అడిగినవానికిచ్చిన జవాబులకు 10. అలంకారమునకు మార్కులు లేవు. ఖర్చు ఏబది రూపాయలు మించరాదు. తలిదండ్రులకు హాలులో కుర్చీలు వేయించెదము. వారు వినవచ్చును, ప్రశ్నలు వేయవచ్చును, జవాబులు మాత్రము చెప్పరాదు. తీర్పరులు పుస్తకము చదివిన పిమ్మటనే బల్లను చూడవలెను. ఈ నియమము మాకొఱకే.

బాలబాలికలారా, ఈ సెలవులలో మీ యింటిచుట్టు ఒకమాఱు తీరికగా నడువుడు. "ఇదెందుకిట్లున్నది?" అని మీకు తోచినవానినెల్ల ఒక పుస్తకములో వ్రాసికొనుడు. పాఠశాల తెఱచిననాడు ఆ పుస్తకము తెండు. అందులో ఒక్క ప్రశ్ననెన్నుకొనుటకు మేము సాయపడెదము. తక్కిన పని మీది. ప్రదర్శనము ముగిసిన మఱునాడు హాలులో ఊడ్చుటకు గంపెడు చెత్త లేకుండుటయు, మీ పుస్తకములను మీరు చంకను పెట్టుకొని యింటికి పోవుటయు చూడవలెనని మా కోరిక.